రెండో బండి

పెద్దాయన జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి, కారు పైకప్పుని మోసే పిల్లర్‌కి ఆనించాడు. అది అంటుకోలేదు. జారి కిందపడింది.

పాత కార్ల వ్యాపారి ముఖంలో నవ్వు కూడా దాంతోపాటే జారిపోయింది.

"ఇక్కడ ఇనుము లేదు," అన్నాడు పెద్దాయన. "తుప్పు తినేసింది. పుట్టీ పెట్టి పైన రంగేశారు."

"పాత బండన్నాక కాస్తో కూస్తో తుప్పుండదా సార్? ఇంత చవగ్గా పెట్రోలు ఎస్‌యూవీ ఇంకెక్కడా దొరకదు. ఏసీ చూడండి, లోపల వణుకు పుడుతుంది."

"ఏసీ అక్కర్లేదు."

ఇలాంటి గిరాకీ వ్యాపారికి కొత్త. ఆయన వచ్చి గంటయింది. మైలేజీ ఎంతని అడగలేదు. ఎన్ని చేతులు మారిందని అడగలేదు. కొత్త సీటు కవర్ల గురించి వ్యాపారి చెప్పిందంతా దున్నపోతు మీద వానే అయింది. సీటు బెల్టుని మాత్రం పాతికసార్లు లాగి చూశాడు. పిడికిలితో పైకప్పంతా తట్టాడు. కుంటుకుంటూ బండి చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు.

పైగా ఇది రెండో బండి అట. మొదటిదానిలాగే ఉండాలట. అదే మోడల్, అదే తెలుపు.

"కవలపిల్లలకి గౌన్లు కొన్నట్టు కొంటున్నారేంటి సార్!" అని వ్యాపారి ఓ జోకు వేసి చూశాడు. పెద్దాయన నవ్వలేదు. "పోనీ ఇదే మోడల్‌లో డీజిల్ ఉంది, చూస్తారా?"

"డీజిల్ ఇంజను బరువెక్కువ, మూతి కిందికి లాగేస్తుంది. వద్దు."

గేటు దగ్గర నిలబడి ఫోన్లో టైము చూసుకుంటున్న కూతురు దగ్గరికొచ్చింది. ఇరవై మూడేళ్ళుంటాయి. సన్నగా, చురుగ్గా ఉంది. బండి నడపబోయేది ఆ పిల్లే.

"నాన్నా, ఇది తీసేసుకుందాం. పొద్దున్నించీ ఇది ఆరోది. సాయంత్రానికల్లా బండి చేరకపోతే ఊరుకోరు."

"పిల్లర్ లేదు అమ్మలూ."

"గట్టిగానే కనిపిస్తోంది కదా. నువ్వు మరీ చాదస్తం చేస్తున్నావ్."

పెద్దాయన చుర్రున చూశాడు. వంగి, ప్యాంటు మోకాలి దాకా లాగాడు. పిక్క ఉండాల్సిన చోట గుంట ఉంది.

"అప్పుడూ గట్టిగానే కనిపించింది. రంగు చూసి నమ్మాను. తలుపు వచ్చి ఒళ్ళో కూచుంది."

ఆ కాలు కూతురు చిన్నప్పట్నించీ చూస్తున్నదే. అయినా ఫోన్ జేబులో పెట్టేసుకుంది.

"దానిదేముంది సార్," వ్యాపారి మధ్యలో దూరాడు. "అమ్మాయిగారిని నెమ్మదిగా నడపమనండి. జాగ్రత్తగా పోతే ఏ బండైనా ఒకటే."

కూతురికి నవ్వాగలేదు. తండ్రి ముఖం మాత్రం ఇంకా బిగుసుకుంది.

షెడ్డు వెనకాల టార్పాలిన్ కింద ఇంకో బండి ఉంది. పెద్దాయన అటు నడిచాడు.

"అయ్యో, అది తుక్కు కింద తోసేద్దామని పెట్టింది సార్!"

"పట్టా తియ్యండి."

అదే మోడల్. ఒకప్పుడు తెలుపు. సీట్లు చిరిగి స్పాంజి బయటికొచ్చింది. రేడియో ఉండాల్సిన చోట కన్నం. స్టార్ట్ చేస్తే ముసలాడు దగ్గినట్టు దగ్గింది. ఇందాకటిది పైన పటారం లోన లొటారం అయితే, దీనికి ఆ పటారం కూడా లేదు.

పెద్దాయన అయస్కాంతం తీశాడు. ఒక్కో పిల్లర్ దగ్గర ఊపిరి బిగబట్టి ఆనించాడు. అన్నిటికీ టక్కున అంటుకుంది. టార్చిలైటు పట్టుకుని, ఆ వయసులో, ఆ కాలితో, బండి కిందికి దూరాడు. లోపల్నించి చిన్న సుత్తి చప్పుడు చాలాసేపు వినిపించింది. మట్టి కొట్టుకుపోయి బయటికొచ్చాడు.

"నడిపి చూడమ్మా. ఎనభై అందుకుంటుందేమో చూడు. అంత చాలు."

పది నిమిషాల్లో కూతురు వెనక్కి తెచ్చింది. "ఎనభై వచ్చింది నాన్నా. స్టీరింగే కొంచెం ఎడమకి లాగుతోంది."

"ఎడమకైతే మంచిదే."

వ్యాపారి బుర్ర గోక్కున్నాడు. ఎంత వ్యాపారమైనా ఆడపిల్ల తండ్రి అనేసరికి అతనికి ఎక్కడో గుచ్చుకుంది. "నా నోటితో నేను చెప్పకూడదు గానీ సార్, ఈ బండి ఆర్నెల్లు కూడా రాదు."

"అన్నాళ్ళు అక్కర్లేదు. ట్యాంకులో పెట్రోలు తోడేయించండి. ఒక్క లీటరు ఉంచండి."

వ్యాపారి నోరు తెరిచాడు. ట్యాంకు నింపివ్వమని పేచీ పెట్టినవాళ్ళని చూశాడు గానీ, ఉన్నది తోడేయమన్నవాణ్ణి చూడటం ఇదే మొదలు. ఎందుకులే అడగడం అని కాగితాలు తేవడానికి లోపలికెళ్ళాడు.

తండ్రీ కూతుళ్ళిద్దరూ బండి పక్కన మిగిలారు.

"ఇంకా టైముంది," అన్నాడు తండ్రి నెమ్మదిగా. "ఇష్టం లేకపోతే చెప్పు. ఫోన్ చేసి వద్దనేస్తాను."

"నీకు భయంగా ఉందా?"

"ఉంది. చాలా ఉంది."

కూతురు ఆయన చొక్కాకి అంటిన మట్టి దులిపింది. "రేపు బెల్టు నువ్వే బిగించు. ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు."

మర్నాడు ఉదయం హీరోయిన్ మొదటి బండి దిగి గొడుగు నీడలోకి వెళ్ళాక, అచ్చం ఆమెలాంటి బట్టలే వేసుకున్న కూతురికి, రాత్రికి రాత్రే తెల్లరంగు కొట్టించిన రెండో బండిలో తన చేత్తోనే బెల్టు బిగించి, కుంటుకుంటూ వెనక్కి వచ్చి నాలుగు కెమెరాల పక్కన నిలబడి, ఫైట్ మాస్టర్‌గా పాతికేళ్ళు పనిచేసిన ఆ తండ్రి, బండిని ఎడమకి మూడు పల్టీలు కొట్టించమని చెయ్యి ఊపాడు.