అవిభక్త డిస్కు

మా సమోవాలో కుటుంబ భూమిని పెద్దల సభ ఒప్పుకోనిదే విభజించరాదు. కుటుంబ కంప్యూటరుకూ ఈ నియమమే వర్తిస్తుందని కుటుంబ పెద్ద లెయాటువా నిర్ణయించారు. రెండో ఆపరేటింగ్ సిస్టమ్ కోసం డిస్కును రెండు భాగాలు చేయాలన్న మేనకోడలు ఫెటూ అర్జీపై సభ కావా తాగుతూ సాయంత్రం దాకా చర్చించింది.

“వచ్చేవాడు ఎవరి కొడుకే? ఏ ఊరు?” అన్నారు లెయాటువా.

“మనిషి కాదు మామయ్యా, లినక్స్.”

“ఊరూ పేరూ లేనివాడికి సగం డిస్కా? రేపు కోర్టులో చూపాల్సిన మన వంశావళి అందులోనే ఉంది. నే బతికుండగా ముక్కలు కానివ్వను!”

డిస్కులో ఏ హద్దూ ఉండరాదని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఫెటూ గుండె కుదుటపడింది.

“అయితే నేను సభ మాట మీరలేదు మామయ్యా. పొద్దున హద్దు గీస్తుంటే చెయ్యి జారి అంతా తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడందులో ఏ హద్దూ లేదు. ఏ తాతా లేడు.”