చేపనూనె మాత్ర

ప్రూఫ్ రీడర్ పేపరుని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. కళ్లజోడు తీసి దుప్పటి అంచుతో తుడిచి మళ్లీ చూశాడు. తలకి ఆపరేషన్ అయి అది మూడో రోజు.

"ఇది ఏ భాష పేపరే?" అని భార్యని అడిగాడు.

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. అది ముప్ఫై ఏళ్లుగా ఆయన రోజూ తప్పులు దిద్దుతున్న పేపరే. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు మీద వేలు పెట్టి చదవమంది. ఆయన ఆవిడ వేలికేసి చూస్తూ కూర్చున్నాడు.

సర్జన్ పరుగున వచ్చాడు. పేషెంటు చూపు బాగానే ఉంది. మాట బాగానే ఉంది. రెండు వాక్యాలు చెబితే గుండ్రంగా రాసి ఇచ్చాడు కూడా. కాసేపాగి ఆ కాగితమే చేతికిస్తే, తన రాతలో ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయాడు. భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అయిదు నిమిషాల్లో సర్జన్ కింద స్కానింగ్ గదిలో ఉన్నాడు. స్కాన్ తీసిన అమ్మాయి అప్పుడే టీ కప్పు ఎత్తింది. విషయం వినగానే కప్పు బల్ల మీద పెట్టేసింది.

"చదువు కుడివైపు ఉందన్నావు. నీ మాట నమ్మి ఎడమవైపు కోశాను," అన్నాడాయన.

అనలేదని ఎలా అంటుంది? పుట్టగానే ఎవరి మెదడులోనూ చదువుకంటూ వేరే గది ఉండదు. చూపునీ మాటనీ కలిపే తీగలు ఎక్కడ బాగా అల్లుకుని ఉంటే, బడికి వెళ్లాక అక్షరాలు అక్కడ కాపురం పెడతాయి. చాలామందికి అది ఎడమవైపు. ఏ కొద్దిమందికో కుడివైపు. ప్రూఫ్ రీడర్‌కి మూర్ఛ పుడుతున్నది ఎడమవైపు వెనకాల. చదువు కూడా అక్కడే ఉంటే కత్తి పెట్టనని, మందులతోనే నెట్టుకురమ్మని సర్జన్ ముందే చెప్పేశాడు. చదువు పోతే తను బతికి ఏం లాభమని పేషెంటూ అన్నాడు. అందుకే ఆ స్కాన్. యంత్రంలో పడుకోబెట్టి రాసిన మాటలు చూపిస్తూ, మెదడులో ఏ చోటు వెలుగుతుందో చూశారు.

"కంప్యూటర్ ఏమంది?" అన్నాడు సర్జన్.

"ఎడమ అంది సార్." ఆ అమ్మాయి లేచి నిలబడింది. "కానీ మాత్ర కుడి అంది."

మాత్ర అంటే మందుల షాపులో దొరికే చేపనూనె మాత్రే. బొమ్మలు ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు కుడి ఎడమలు తారుమారవడం ఆ గదిలో అందరికీ తెలిసిన తలనొప్పి. అందుకని స్కాన్‌కి ముందు పేషెంటు కుడి కనుబొమ పైన ఆ మాత్రని టేపుతో అంటిస్తారు. బొమ్మలో అది తెల్లటి చుక్కలా పడుతుంది. చుక్క ఎటుంటే అటు కుడి. కంప్యూటర్ కాదన్నా సరే, చుక్కదే చివరి మాట.

సర్జన్ ఎదుటే ఆ అమ్మాయి బొమ్మ తెరిచింది. వెలిగిన చోటూ తెల్ల చుక్కా ఒకే వైపు ఉన్నాయి.

"నువ్వే అంటించావా?"

"నేనే సార్. కుడివైపే. నా చేతులతో అంటించాను."

బట్టలు మార్చుకునే గదిలో, నిలువెత్తు సూచనల కాగితం ముందు ప్రూఫ్ రీడర్‌ని కూర్చోబెట్టి అంటించింది. ఆ కాగితం మీద మనకేసి చూస్తున్న మొహం బొమ్మ ఉంటుంది. దాని కుడి కనుబొమ మీద ఎర్రచుక్క ఉంటుంది. అంటించి, పది నిమిషాలు కూర్చోమని చెప్పి తను యంత్రం సిద్ధం చేయడానికి వెళ్లింది. తరవాత నర్సు ఆయన్ని తీసుకొచ్చి పడుకోబెట్టింది. ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా తప్పెక్కడుందో అంతు చిక్కలేదు. సర్జన్ ఇంకేమీ అనకుండా వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండునని ఆ అమ్మాయికి అనిపించింది.

కాళ్లీడ్చుకుంటూ వార్డుకి వెళ్లింది. ప్రూఫ్ రీడర్ ఒక్కడే ఉన్నాడు. పేపరు నాలుగు మడతలు పెట్టి దిండు పక్కన ఉంది. ఈయనే కదా, ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ సంతకం చేయమంటే, ముందు ఆ కాగితంలో రెండు అచ్చుతప్పులు దిద్ది మరీ సంతకం చేసింది! అది గుర్తొచ్చి ఆ అమ్మాయికి ఏడుపు ఆగలేదు.

"బాబాయ్ గారూ, నావల్లే ఏదో పొరపాటు జరిగింది. ఏమిటో నాకే తెలియడం లేదు," అంది.

ఆయన మంచం మీద కొంచెం జరిగి, కూర్చోమన్నట్టు చోటు చూపించాడు. తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఆ మాత్ర సంగతేనా? దానికి భయపడకు. నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా."

"ఏం చెప్పలేదు?"

"కాగితం మీద బొమ్మలో చుక్క ఎడమవైపుంది తల్లీ, నువ్వేమో నాకు కుడివైపు అంటించి వెళ్లిపోయావు. చెబితే చిన్నబుచ్చుకుంటావని, అక్కడ కూర్చున్నప్పుడే నేను తీసి ఎడమవైపుకి దిద్దేశాను."