నాలుగో దారం

సియోల్‌లో ఫ్యాక్టరీలు మూతపడి, పనుల్లేనివాళ్లు దొంగతనాలకు దిగాక పల్లెల్లో ఎండుమిర్చికి కూడా కాపలా కాయాల్సిన రోజులొచ్చాయి. రైతు పాన్‌సొక్ కొట్టంలో ఆరు బస్తాలున్నాయి. చలికాలం గడవాలంటే అవే దిక్కు. దొంగ వస్తే మోగేలా, పక్కింటి దొక్బే సాయంతో వాకిట్లో మూడు చోట్ల దారం కట్టి ఖాళీ డబ్బాలు వేలాడదీశాడు. ఆ సాయంత్రం ఒక్కడే నాలుగోది కట్టాడు.

"కొట్టం గుమ్మం ముందు ఇంకోటి కట్టానే. దొక్బేకి కూడా చెప్పలేదు," అన్నాడు అన్నం తింటూ.

"రాత్రి ఒంటికి లేచి నువ్వే తట్టుకుని పడతావు చూడు," అని భార్య మల్సున్ నవ్వింది.

అర్ధరాత్రి వాకిట్లో అడుగుల చప్పుడుకు అతనికి మెలకువ వచ్చింది. అడుగులు మొదటి దారం దగ్గర ఆగి, దాటాయి. డబ్బా మోగలేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

దొక్బే! చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాడు. పాన్‌సొక్ పళ్లు కొరుకుతూ, కర్ర పట్టుకుని, నాలుగోది మోగడం కోసం కాచుకున్నాడు.

అడుగులు కొట్టం ముందు ఆగాయి. మెల్లగా దాటాయి. తలుపు కిర్రుమంది.

పక్కన మల్సున్ గురక ఎప్పుడో ఆగిపోయిందని అప్పుడు తెలిసింది.

"గాలి చప్పుడులేవయ్యా, పడుకో," అంది చీకట్లో.

అతనింకా ఏమీ అడగలేదు. బయట ఒక్క డబ్బా కూడా కదలడం లేదు.