కొత్త బ్రేకుల మోత

మెకానిక్ కారు చక్రం ఊడదీసి, బ్రేక్ ప్యాడ్ చేతిలోకి తీసుకున్నాడు.

"తిరగేసి బిగించారు. ఇనుము ఇనుముని కోసేస్తోంది. ఎవరు చేశారు సార్?"

"ఎవరో... రోడ్డు పక్క షాపులో," అన్నాడు కారు యజమాని, పక్కనే ఉన్న భార్య వైపు చూడకుండా.

"ఎక్కడో చెప్పండి. నేనే వెళ్లి చెప్పొస్తాను. ఎవరి ప్రాణం మీదికైనా వస్తుంది."

అతనికి తల కొట్టేసినట్టయింది. "నేనే బిగించాను," అన్నాడు చివరికి.

మెకానిక్ పనిలో పడ్డాడు.

వారం నుంచి ఆవిడ మోతొస్తోందని చెబుతూనే ఉంది. కొత్త ప్యాడ్లు అంతేనని అతను కొట్టిపారేస్తూనే ఉన్నాడు.

ఆవిడ కోప్పడలేదు.

"ఆ మోతకి పాప భయపడేదండీ. నాన్నే బాగుచేశారుగా, ఏం కాదని చెప్పి, పాట గట్టిగా పెట్టి రోజూ బడికి తీసుకెళ్లాను," అంది.