మిగులు రంగు

"ఈ గోడ నాది" అన్నాడు పెయింటర్, తింటున్న పళ్ళెం పక్కకి నెట్టి.

"ఊళ్ళో గోడలన్నీ నీవేలే. ముందు తిను" అంది భార్య.

అతను ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. పొద్దుటినుంచి అందరి ఫోన్లలోనూ అదే ఫొటో. కిటికీ దగ్గర ఒక ఆడమనిషి, ఆమె నడుం పట్టుకుని ఆరేళ్ళ పాప. కింద ఆ పాప తండ్రి ఏడుస్తూ పెట్టిన వీడియో. "నా బిడ్డని మా ఇంట్లో ఆయా ఎత్తుకుపోయింది. ఈ గది ఎక్కడుందో చెప్పి పుణ్యం కట్టుకోండి." లక్షలమంది వెతుకుతున్నారు. కొందరు కిటికీ ఊచలు లెక్కపెట్టారు, కొందరు నీడనుబట్టి దిక్కులు చెప్పారు. ఆ ఆయా దొరికితే ఏం చెయ్యాలో తీర్పులిచ్చిన వాళ్ళయితే కోకొల్లలు.

"మూడిళ్ళలో మిగిలిన రంగులు ఒకే బకెట్లో కలిపేశాను. అదీ చాలక కిటికీ పైన జానెడు మేర సున్నం కొట్టాను. ఇదిగో, చూడు. ఇదే రంగు మళ్ళీ కలపమంటే నావల్లే కాదు. ఇలాంటి గోడ ఇంకోటి ఉండదు."

"అయితే పోలీసులకి చెప్పు. మనకెందుకయ్యా లేనిపోని గొడవ?"

"వాళ్ళొచ్చేలోపు అది పిల్లతో సహా ఉడాయిస్తుంది. మన పిల్లే అయితే ఇలాగే కూర్చుంటావా?"

అతను వీధి, మేడ, మూడో అంతస్తు, ఎడంచేతి గది, అన్నీ రాసి పెట్టేశాడు. చెయ్యి కడుక్కునేలోపు నాలుగు వేలమంది శభాష్ అన్నారు. పాప తండ్రే స్వయంగా రాశాడు. "ఈ ఊళ్ళోనే వెతుకుతున్నాను అన్నా. అరగంటలో వస్తా. దాన్ని కదలనివ్వకు."

రంగు వేస్తున్నంతసేపూ వెనక నిలబడి వంకలు పెట్టేవాళ్ళే తప్ప, ఇంత నమ్మి పని అప్పగించినవాళ్ళు అతనికి ఇంతవరకూ లేరు. సైకిలెక్కి ఆగకుండా తొక్కాడు. మూడంతస్తులూ ఒక్క ఊపున ఎక్కి, చప్పుడు కాకుండా బయట గడియ పెట్టి, తలుపుకి వీపానించి కూర్చున్నాడు.

కాసేపటికి తలుపు లోపలినుంచి కదిలింది.

"ఎవరండీ బయట? గడియ పడిపోయినట్టుంది, కాస్త తియ్యండి" అంది ఆడగొంతు.

"పడలేదు. నేనే పెట్టాను."

"ఎందుకన్నా?"

"ఎందుకో నీకు తెలీదా? సంగతంతా మాకు తెలుసులే, ఫోన్లో వచ్చింది. పాప వాళ్ళ నాన్న వస్తున్నాడు."

లోపల కిటికీ తెరిచిన చప్పుడైంది. మళ్ళీ మూసిన చప్పుడైంది. మూడో అంతస్తు నుంచి ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు పెయింటర్.

కింద అప్పటికే జనం మూగారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు. కారు వచ్చి ఆగింది. "ఇదే మేడ, ఇటు రండి" అని నలుగురూ దారి చూపిస్తున్నారు. మెట్లమీద బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. పెయింటర్ లేచి చొక్కా సర్దుకుని గడియ మీద చెయ్యి వేశాడు. పసిదాన్ని తండ్రి చేతుల్లో పెట్టబోతున్నానని తలుచుకుంటే అతని కళ్ళు చెమర్చాయి.

తలుపు సందులోంచి పాప గొంతు సన్నగా వినిపించింది.

"అమ్మా, నాన్నకి మళ్ళీ దొరికిపోయామా?"