ఒక్క ఓటరు కావలెను

బ్రస్సెల్స్ నుంచి వచ్చిన ఈమెయిల్‌ని రాగిణి రెండోసారి పైకి చదివింది. మొదటిసారి అందరూ సమోసాల మీద ఉన్నారు.

"మీ అమెరికా మిత్రుల సంతకాలు పద్దెనిమిది వందలూ అందాయి. ధన్యవాదాలు. మా కమిటీ ముందు మాట్లాడటానికి మీకు ఐదు నిమిషాలు ఇవ్వగలం. అయితే మీ బృందంలో కనీసం ఒక్క యూరప్ ఓటరైనా ఉండాలి. శుక్రవారం సాయంత్రంలోగా పేరు పంపండి."

టెక్సాస్‌లో, కాపెల్ ఊళ్ళోని ఆ లివింగ్ రూమ్‌లో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వనమిత్ర కాపెల్ శాఖకు రాగిణి అధ్యక్షురాలు. అడవులు నరికి పండించిన సరుకు తమ దేశాల్లో అమ్మకూడదని యూరప్‌వాళ్ళు చట్టం చేశారు. చేసి, అమలు వాయిదా వేస్తూ వచ్చారు. ఇక వాయిదా వద్దని వాళ్ళకి చెప్పడానికి టెక్సాస్‌లో వనమిత్ర వెలిసింది. బ్రెజిల్ అడవుల గురించి చెప్పేటప్పుడు రాగిణి గొంతు నిజంగానే వణుకుతుంది. ఆ ఐదు నిమిషాల ప్రసంగం ఆమె అప్పటికే కంఠతా పట్టింది. ఆకుపచ్చ పట్టుచీర మీదికి బ్లౌజు కూడా కుట్టడానికి ఇచ్చేసింది.

"వేణూ, నువ్వు ఫ్రాంక్‌ఫర్ట్‌లో రెండేళ్ళు ఆన్‌సైట్ చేశావు కదా. ఓటు ఇవ్వలేదా?" అని భర్తను అడిగింది.

"ట్రామ్ పాస్ ఇచ్చారు," అన్నాడు వేణుమాధవ్.

"మా కజిన్ లండన్‌లో ఉంది," అంది శాఖ సభ్యురాలు స్మృతి.

"ఆంటీ, యూకే ఎప్పుడో బయటికి వచ్చేసింది," అంది రాగిణి కూతురు ఇషిత.

వంటింట్లోంచి కాఫీ వాసన వచ్చింది. అక్కడున్నది పక్కింటి మీనా వాళ్ళ నాన్న ఈశ్వరయ్యగారు. ఇండియా నుంచి కూతురి దగ్గరికి వచ్చారు. మీనాకి హాస్పిటల్ డ్యూటీలు. పెద్దాయనకి పొద్దుపోదని రాగిణి జాలిపడి తన మీటింగులకు రానిస్తోంది. ఆ జాలి పుణ్యమా అని ముప్ఫై మందికి ఫిల్టర్ కాఫీ ఆయనే కలుపుతున్నారు. హాల్లో ఇంగ్లిషులో ఏం తీర్మానిస్తున్నారో వంటింట్లోకి వినబడదు. వినబడాలని ఎవరూ అనుకోలేదు కూడా.

అమెరికా వచ్చిన మొదటి వారం మాత్రం ఆయన హాల్లోకే వచ్చి కూర్చున్నారు.

"మా వైపు మడ అడవులుంటాయమ్మా, కాకినాడ దగ్గర. తొంభై ఆరు తుఫానుకి అవి అడ్డం ఉన్నచోట ఇళ్ళు నిలిచాయి. కొట్టేసినచోట మా మేనత్త ఇల్లు దూలాలతో సహా పోయింది. ఆ సంతకమేదో నేనూ పెడతాను."

"సో స్వీట్ అంకుల్. కానీ మీరు విజిటర్. మీ సంతకం కౌంట్ అవదు."

"ఎక్కడ చెల్లదమ్మా?"

"ఎక్కడా చెల్లదంకుల్," అని నవ్వుతూ రాగిణి ఆయన చేతిలో కాఫీ ట్రే పెట్టింది.

ఈశ్వరయ్యగారు ట్రే పట్టుకుని వంటింట్లోకి వెళ్ళారు. చదువుకున్నవాళ్ళు రూల్సు చెబుతుంటే అడ్డం తగిలే మనిషి కాదు.

ఇక ఓటరు వేట మొదలైంది. ఎదురింటి టోనీ ఇంటిపేరు ఇటాలియన్‌లా ఉందని మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని వెళ్ళారు. ఆయన ముత్తాత ఓడ దిగి నూట పదేళ్ళయిందట. డబ్బా మాత్రం తిరిగివ్వలేదు. గ్రీకు రెస్టారెంట్ ఓనరు ఒకాయన దొరికాడని స్మృతి ఇర్వింగ్ దాకా డ్రైవ్ చేసింది. ఆయనది మెక్సికో. ఒక్క ఓటరు కావలెనని ఇషిత ఆన్‌లైన్‌లో ప్రకటన పెడితే రెండు పెళ్ళి సంబంధాలు వచ్చాయి.

గురువారం ఈశ్వరయ్యగారు ఉండబట్టలేక అడిగారు.

"రాగిణమ్మా, వారం నుంచీ ఏదో వెతుకుతున్నారు. నాతో అయ్యేదేమైనా..."

"ఇది యూరప్ వ్యవహారం అంకుల్. మీకు అర్థం కాదు. ఇవాళ డికాషన్ కొంచెం స్ట్రాంగ్‌గా వేయండి."

శుక్రవారం సాయంత్రం వచ్చింది, వెళ్ళింది. ఆ ఐదు నిమిషాలనూ కలప దిగుమతిదారుల సంఘానికి కేటాయించామని బ్రస్సెల్స్ నుంచి మర్యాదగా కబురొచ్చింది. రాగిణి బ్లౌజు ఆపమని దర్జీకి ఫోన్ చేసింది. తర్వాత గరాజ్‌లో, కార్‌లో కూర్చుని ఏడ్చింది. మనమెంత వెటకారం చేసినా, ఆ ఏడుపు మాత్రం నిజమైనదే.

శనివారం ఈశ్వరయ్యగారి ప్రయాణం. మీనాకి డ్యూటీ. ఎయిర్‌పోర్ట్‌లో డ్రాప్ చేసే పుణ్యం కూడా రాగిణే కట్టుకుంది.

"అందరి పేరెంట్సూ ఆరు నెలలు ఉంటారు. మీరేంటంకుల్, మూడు నెలలకే వెళ్ళిపోతున్నారు?"

"నాకు తొంభై రోజులేనమ్మా. అందరిలాగా వీసా ఇంటర్వ్యూకి వెళ్ళలేదు కదా."

పాపం, ఎవరో ఏజెంటు ఏదో అంటగట్టి ఉంటాడని రాగిణి అనుకుంది. చెకిన్ మెషీన్ దగ్గర చెయ్యి చాపింది.

"పాస్‌పోర్ట్ ఇలా ఇవ్వండి. ఇవన్నీ మీకు కన్ఫ్యూజింగ్‌గా ఉంటాయి."

ఆయన చేతిసంచీలోంచి తీసి ఇచ్చారు. ముదురెరుపు అట్ట. రాగిణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదెవరిదంకుల్?"

"నాదేనమ్మా, మాది యానాం కదా, ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయినా మా నాన్న ఆ ఫ్రెంచి పౌరసత్వం వదులుకోలేదు, నేనూ వదల్లేదు, యూరప్ ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా పాండిచ్చేరిలో ఫ్రెంచి కాన్సలేట్‌కి వెళ్ళి ఓటేసి వస్తుంటాను గానీ, నా సంతకం ఎక్కడా చెల్లదని నువ్వన్నావని ఊరుకున్నాను," అన్నారు ఈశ్వరయ్యగారు.