బొట్టు తీసి రా

గిలకలదిండి రేవులో చేపల వేటకు బోటెక్కిన భర్త తుఫాను తర్వాత బుల్లెమ్మ దగ్గరికి తిరిగి రాలేదు. శవం దొరకలేదు కనుక ఆమె బొట్టు తీయలేదు. ఆ బొట్టుతోనే వితంతు పింఛనుకు మండలాఫీసుకు వచ్చింది.

“ఇట్లా వస్తే సారు నమ్మరమ్మా. బొట్టు తీసి రా,” అంది గుమాస్తా హన్నా. చర్చికెళ్లే మనిషి, తనెప్పుడూ బొట్టు పెట్టుకోలేదు. చిన్న మాటే అనుకుంది.

బుల్లెమ్మ మళ్లీ వచ్చేసరికి చేతులకు గాజులు కూడా లేవు. పేటలో ఆడవాళ్లంతా చేరి ఏడ్చి పగలగొట్టారట.

సారు కాగితం వెనక్కిచ్చేశాడు. శవం లేకపోతే ఏడేళ్లు ఆగాలి. ఆ రూలు మారుస్తామని పైవాళ్లు ఎప్పట్నుంచో అంటూనే ఉన్నారు.

హన్నా తలెత్తలేదు. “అప్పటిదాకా గవర్నమెంటు లెక్కలో మీ ఆయన బతికున్నట్టేనమ్మా.”

బుల్లెమ్మ నుదురు తడుముకుంది.

“అయితే మళ్లీ బొట్టు పెట్టుకోవచ్చాండీ?”